ఎవరి ఉప్పో

ముందు కత్తి.
అద్దె ఇళ్ళలో కత్తులు టొమాటోని కోయవు,
బతిమాలతాయి.
అందుకే మా ఎర్రపిడి కత్తిని
పాత తుండుగుడ్డలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి
టైస్ చేతికి అందని అరలో దూర్చాను.

తర్వాత సింకు బిరడా.
నవ్వకండి.
రెండేళ్ళ కిందట డెన్మార్కులో పది రోజులపాటు
సింకు కన్నంలో సాక్సు కుక్కి గిన్నెలు తోమాను.
సాక్సు యెల్మర్‌ది.
ఉతికిందే అన్నాడు.

బట్టల క్లిప్పులు ఇరవై. చెత్తసంచులు. అగ్గిపెట్టె.
జ్వరం మందు, ముల్లు తీసే పట్టకారు.
రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకులు మూడు డబ్బాలు,
అవి లేకపోతే టైస్‌కి తెల్లవారదు.
పొయ్యి గ్యాసుదో కరెంటుదో ఫొటోలో తేలలేదు,
రెండింటికీ సరిపడా ధైర్యం.

"ఇల్లంతా మోసుకెళ్తే
ఇంక వెళ్ళడమెందుకమ్మా?" అంది నీన్కె.
పదిహేనేళ్ళు. ఒక్కటే సంచీ, అదీ సగం ఖాళీ.
నా దగ్గర జవాబు లేదు.
గరిటె ఉంది.
గరిటె పెట్టాను.

అప్పుడొచ్చారు మామగారు, పిల్లల పాకె,
భుజం మీద గోనెసంచీతో.
పదిహేను కిలోల బంగాళాదుంపలు,
హార్లింగెన్ మట్టి ఇంకా ఆరలేదు వాటి మీద.
"ఫ్రాన్సులో పండవా ఏమిటి?" అన్నాడు యెల్మర్.
"పండుతాయి. వాటికి ఉడకడం తెలీదు," అన్నారు పాకె,
నా దుప్పట్లు కిందికి దించి
గోనెసంచీకి చోటు చేస్తూ.

కారు వెనక్కి కుంగింది.
వెయ్యి కిలోమీటర్లూ అద్దంలో
వెనక దారి కనబడలేదు,
ఉల్లిపాయల వల ఒక్కటే ఊగుతూ కనబడింది.
బెల్జియంలో వాన. రూయెన్ దగ్గర టైస్ వాంతి.
చెత్తసంచులు తెచ్చినందుకు
నన్నెవరూ మెచ్చుకోలేదు.

బ్రెతాన్ తీరం చేరేసరికి చీకటి పడింది.
పూలకుండీ కింద తాళంచెవి, చెప్పినట్టే.
సింకుకి బిరడా ఉంది,
గొలుసుతో సహా.

పొద్దున్న కిటికీ రెక్క తోస్తే
కంటికి ఆనినంత మేరా బంగాళాదుంపల చేను.
ఎవరం ఏమీ అనలేదు.
పాకె చాలాసేపు చూసి
"ఆకు బాగానే ఉంది," అని
తన దుంపలు చెక్కు తీయడానికి కూర్చున్నారు.

నీళ్ళు మరుగుతున్నాయి.
చెయ్యి అలవాటుగా పక్కకి పోయింది.
ఏమీ తగల్లేదు.
సంచీలు కుమ్మరించాను. సీటు కింద వెతికాను.
నలభై రెండు వస్తువుల పట్టీ నాది,
బిరడా దాకా గుర్తుంచుకున్నదాన్ని,
ఉప్పు రాయలేదు.

అలమరా తెరిచింది నీన్కె.
"ఎంత కావాలి?" అంది.

ఎనిమిది పొట్లాలు.
ఒకదాని మీద జర్మన్, ఒకదాని మీద పోలిష్,
గడ్డకట్టి రాయైనది ఒకటి,
మూతకి బదులు బిస్కెట్ కాగితం చుట్టిన సీసా,
ఏ భాషా లేని ఒక మడత కాగితం.
మర్చిపోయి వచ్చినవాళ్ళంతా
తలా ఒక కిలో కొన్నారు,
రెండు చెంచాలు వాడారు,
విప్పిన ఉప్పుని సరిహద్దులు దాటించడం ఎందుకని
ఇక్కడే వదిలి వెళ్ళారు.

ఉప్పు తిన్నాక రుణం అంటారు.
ఎవరి ఉప్పో తెలియనప్పుడు
ఎవరికని తీర్చను?
మడత కాగితం లోంచి చిటికెడు తీసి వేశాను.
పాకె రెండుసార్లు వడ్డించుకున్నారు.
మా మట్టి గొప్పతనం అన్నారు.

పన్నెండు రోజులయ్యాక
చాక్లెట్ పలుకులు అడుగంటిన డబ్బా ఒకటి
ఆ ఉప్పుల పక్కనే పెట్టాడు టైస్, ఎవరూ చెప్పకుండానే.
నీన్కె సంచీ మాత్రం నిండింది,
గవ్వలతో, తడి ఇసుకతో, ఇంకా చూపించని వాటితో.

నిన్న ఇంట్లో తుండుగుడ్డ విప్పాను.
కత్తి ఉంది.
పిడి నల్లగా ఉంది.
మాది కాదు.
టొమాటో మీద పెట్టి చూశాను.
బతిమాలుతోంది.

అక్కడ ఈ వారం దిగినవాళ్ళెవరో
అలవాటుకొద్దీ గట్టిగా నొక్కబోయి
వేలు జాగ్రత్త.